పాము కుబుసం సాఫీగా వదలాలంటే: మూత కప్పాలా, పరుపు తడపాలా, ఫాగర్ కొనాలా?

అమెరికాలో పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్లి బాల్ పైథాన్ (ఆఫ్రికాకు చెందిన చిన్న కొండచిలువ) కావాలని అడిగితే, పాముతో పాటు ఒక అద్దాల పెట్టె, దానికో జాలీ మూత, ఒక వేడి దీపం, పెట్టె అడుగున పరుపుగా పరచడానికి ఒక సంచి చెక్క పొట్టు కలిపి అంటగడతారు. పిల్లలు ముచ్చట పడ్డారు కదా అని అమ్మానాన్నలు అన్నీ మోసుకొచ్చి హాల్లో అమర్చేస్తారు. అసలు చిక్కు తొలి చలికాలంలో బయటపడుతుంది. ఒకే ముక్కగా ఊడి రావలసిన కుబుసం పీలికలు పీలికలుగా వంటికే అంటుకుని ఉండిపోతుంది. ఎవరిని అడిగినా తేమ చాలలేదంటారు. ఆ మాట నిజమే. కానీ తేమ పెంచడానికి ఏం చేయాలంటే ఒకరు స్ప్రే సీసా అంటారు, ఒకరు నీటిని తుంపరగా ఊదే ఫాగర్ అంటారు, ఇంకొకరు పెద్ద నీటి తొట్టి అంటారు. దుకాణదారుడు సహజంగానే అన్నిటికన్నా ఖరీదైనది చూపిస్తాడు.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. కొత్తగా తేమ పోసే ముందు ఉన్న తేమ ఎటు పోతోందో చూడాలి. చాలా ఇళ్లలో ఆ ఒక్క పని చేస్తే యంత్రాల అవసరమే రాదు.

## తేమ ఎప్పుడు కావాలి, ఎంత కావాలి

పాత చర్మం కింద కొత్త చర్మం తయారయ్యాక ఆ రెండు పొరల మధ్య పలుచని ద్రవం చేరుతుంది. అప్పుడు పాము రంగు వెలిసినట్టు కనిపిస్తుంది, కళ్లు నీలం కలిసిన బూడిద రంగులో మసకబారతాయి. పాములకు కనురెప్పలు ఉండవు. కంటిని కప్పి ఒక పారదర్శకమైన పొలుసు ఉంటుంది, కుబుసంతో పాటు అదీ ఊడాలి. కొద్ది రోజులకు కళ్లు మళ్లీ తేటపడతాయి. ఆ తర్వాత సాధారణంగా వారం తిరగకుండానే పాము మూతిని రాయికో కొమ్మకో రుద్ది, పెదవుల దగ్గర చర్మం చించి, దాన్ని లోపలి వైపు బయటకు తిరగేస్తూ పాక్కుంటూ బయటపడుతుంది.

కళ్లు మసకబారి తేటపడే ఈ కాలమంతా తేమ ఉండాలి. చర్మం పొడిబారి బిగుసుకుపోయాక, పాము మూతి రుద్దుకోవడం చూసి నీళ్లు చల్లడం మొదలుపెడితే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ఎంత తేమ అన్నది జాతిని బట్టి మారుతుంది. బాల్ పైథాన్‌కు 60 నుంచి 80 శాతం మధ్య ఉంటే మంచిది, కుబుసం రోజుల్లో పై అంచు వైపు ఉంచాలి. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో పుట్టిన కార్న్ స్నేక్‌కు 40 నుంచి 60 చాలు. వెస్టర్న్ హాగ్‌నోస్, కెన్యన్ శాండ్ బోవా పొడి నేలల పాములు. వాటికి 30 నుంచి 50 సరిపోతుంది, అంతకు మించి నేలంతా చిత్తడి చేస్తే వాటికి హానే. మరో చివర బ్రెజిలియన్ రెయిన్‌బో బోవా ఉంది. 75కు పైన, చాలాసార్లు 90 దాకా అడుగుతుంది. మొదటిసారి పాము పెంచేవారికి దాన్ని నేను సూచించను.

## తేమ ఎటు పోతోంది

ఇక్కడ చిన్న లెక్క ఉంది. వేడి గాలి ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు, కాబట్టి అదే గాలిని వేడి చేస్తే అందులోని తేమ శాతం పడిపోతుంది. 20 డిగ్రీల సెల్సియస్ గదిలో 60 శాతం తేమ ఉన్న గాలిని దీపం కింద 32 డిగ్రీలకు తీసుకెళితే అది దాదాపు 30 శాతానికి దిగుతుంది. ఒక్క చుక్క నీరు ఎటూ పోలేదు, అయినా సగం పోయినట్టే. చికాగోలోనో మినియాపొలిస్‌లోనో చలికాలం ఇంకా దారుణం. బయట సున్నా డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలి ఇంట్లోకి వచ్చి, హీటర్ వల్ల 21 డిగ్రీలకు చేరేసరికి 20 శాతం చుట్టూ మిగులుతుంది. ఆ గాలి పాము పెట్టెలోకి వెళ్లి, దీపం కింద మరోసారి వేడెక్కి, జాలీ మూతలోంచి పైకి పోతుంది. దాని చోట గదిలోని పొడి గాలి మళ్లీ లోపలికి వస్తుంది. ఇలా రాత్రింబగళ్లు జరుగుతూనే ఉంటుంది.

## ఏ గీటురాళ్లు పెట్టుకోవాలి

నేను నాలుగు చూస్తాను. తేమ ఎన్ని గంటలు నిలకడగా ఉంటుంది అన్నది మొదటిది. రెండోది, పాము పొట్ట ఆనే నేల పైపొర పొడిగా ఉంటుందా అన్నది. ఎప్పుడూ తడిలో పడి ఉంటే పొట్ట పొలుసులు కుళ్లుతాయి, దాన్ని స్కేల్ రాట్ అంటారు. మూడోది గాలి ఆడటం. చలి, తడి, కదలని గాలి ఈ మూడూ కలిస్తే శ్వాసకోశ ఇన్ఫెక్షన్ వస్తుంది. నాలుగోది, మీరు రెండు రోజులు ఊళ్లో లేకపోతే ఏమవుతుంది అన్నది. ఖర్చును అయిదోదిగా పెట్టుకోండి, ఎందుకంటే ఇందులో చవకైన మార్గాలే మెరుగ్గా పనిచేస్తాయి.

వీటన్నిటికీ ముందు కొలమానం సరిగ్గా ఉండాలి. కిట్‌తో వచ్చే ముల్లు డయల్ హైగ్రోమీటర్‌ను, అంటే తేమ కొలిచే పరికరాన్ని, నమ్మకండి. డిజిటల్‌ది కొని, దాన్నీ ఒకసారి పరీక్షించండి. సీసా మూతలో చెంచాడు వంట ఉప్పు వేసి, తడి ముద్ద అయ్యేటంత మాత్రమే నీటి చుక్కలు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతను, హైగ్రోమీటర్‌ను ఒక జిప్ సంచిలో గాలి పోకుండా మూసి, గదిలో ఒక రాత్రి ఉంచండి. తెల్లారేసరికి 75 శాతం చూపించాలి. 70 చూపిస్తే మీ పరికరం 5 తక్కువ చెబుతోందని గుర్తుంచుకుంటే చాలు. కొలిచే కొనను పెట్టె పైకప్పు దగ్గర కాకుండా, పాము ఉండే ఎత్తులో, చల్లటి వైపు ఉంచండి.

## ఎదురెదురుగా పెడితే

| మార్గం | నిలకడ | నేల పైపొర | గాలి | మీ శ్రమ | ఖర్చు |
|---|---|---|---|---|---|
| జాలీ మూత కప్పడం | చాలా బాగుంటుంది | పొడి | కొంత తగ్గుతుంది | ఒక్కసారే | దాదాపు ఏమీ లేదు |
| తేమ పట్టే పరుపు | రోజుల తరబడి | సరిగ్గా తడిపితే పొడి | మామూలే | వారానికి ఒకటి రెండుసార్లు | తక్కువ |
| తడి గూడు | గూడులో మాత్రమే, బాగా | పెట్టెలో పొడి | మామూలే | వారానికోసారి శుభ్రం | చాలా తక్కువ |
| స్ప్రే | గంట, రెండు గంటలు | తడి | మామూలే | రోజూ రెండు మూడుసార్లు | చాలా తక్కువ |
| ఫాగర్ | నడిచినంతసేపు | తరచూ తడి | చల్లబడుతుంది | శుభ్రం చేయడమే పెద్ద పని | ఎక్కువ |
| గది హ్యుమిడిఫైయర్ (గది గాలిలో తేమ పెంచే యంత్రం) | బాగుంటుంది | పొడి | మంచిది | రోజూ నీళ్లు నింపాలి | మధ్యస్థం |

## మూత

మీ దగ్గర అద్దాల పెట్టె, జాలీ మూత ఉంటే ఇవాళే చేయగల పని ఇది. దీపం ఉన్న చోటు, దాని చుట్టూ కొంత, ఎదురు మూలన కొంత వదిలి, మిగతా మూడొంతుల జాలీని అల్యూమినియం ఫాయిల్‌తో కప్పండి. నీటుగా కనిపించాలంటే కొలతకు కోయించిన యాక్రిలిక్ పలక వాడవచ్చు, కానీ దాన్ని దీపానికి దూరంగా ఉంచాలి. జిగురు టేపు వాడితే మూత పైవైపున మాత్రమే అంటించండి. లోపల అంటించిన టేపు ఊడి పాముకు చుట్టుకుంటే, దాన్ని తీసేటప్పుడు చర్మం లేచి వస్తుంది. మరుసటి రోజు హైగ్రోమీటర్ చూడండి. అద్దాల మీద పగలంతా నీటి చుక్కలు నిలుస్తుంటే ఎక్కువ కప్పారన్నమాట, కొంత తీయండి.

పెట్టెనే మార్చే ఆలోచన ఉంటే ముందుకు తెరుచుకునే పీవీసీ పెట్టెలు వేడినీ తేమనూ బాగా పట్టి ఉంచుతాయి. ధర మాత్రం అద్దాల పెట్టెకు చాలా రెట్లు ఉంటుంది. ప్లాస్టిక్ టబ్బు చవక, తేమ పట్టడంలో దేనికీ తీసిపోదు. అయితే దాంట్లో దీపం పెట్టడానికి వీల్లేదు. వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్‌తో కూడిన హీట్ మ్యాట్ కింద పెట్టుకోవాలి. అతిథులు వచ్చినప్పుడు చూపించుకునే అందం కూడా ఉండదు. పాముకు ఆ పట్టింపు లేదు, పిల్లలకు ఉంటుంది.

## పరుపు

దుకాణంలో ఇచ్చే ఆస్పెన్ చెక్క పొట్టు పొడి నేలల పాములకు బాగుంటుంది. బాల్ పైథాన్‌కు మాత్రం తప్పు ఎంపిక. తడిపితే కొద్ది రోజుల్లోనే బూజు పడుతుంది. పేపరు టవళ్లు కొత్తగా తెచ్చిన పామును గమనించే రోజుల్లో, జబ్బు చేసినప్పుడు మంచివే కానీ తేమను అసలు నిలపవు. దేవదారు పొట్టు ఏ పాముకూ వద్దు, దాని నూనెల ఘాటు విషమే. పైన్ పొట్టుకూ దూరంగా ఉండటమే మేలు.

మిగిలినవి కొబ్బరి తొక్క ముక్కలు, కొబ్బరి పొట్టు, సైప్రస్ మల్చ్. మూడూ పనికొస్తాయి. పొట్టు ఆరినప్పుడు దుమ్ము లేస్తుంది. తొక్క ముక్కలకు ఆ బెడద తక్కువ. నేనైతే రెండూ కలిపి వాడతాను. ఇటుకల్లా అచ్చుపోసి అమ్మే కొబ్బరి పొట్టులో చాలా వరకు భారత్, శ్రీలంకల నుంచి వచ్చినదే. కోనసీమలో రోడ్డు పక్కన కొబ్బరి పొట్టు గుట్టలు చూసి పెరిగినవారికి అదే పొట్టును డాలర్లు పోసి కొనడానికి చేయి రాదు. తోట సామాన్ల దుకాణంలో ఎరువు కలపనిది దొరికితే ఇంకా చవక.

పరుపు మూడు నాలుగు అంగుళాల మందాన ఉండాలి. పలుచగా పరిస్తే ఏ రకమైనా ఒకటే, మర్నాటికి ఆరిపోతుంది. నీళ్లు పైన చల్లకండి. నాలుగు మూలల్లో కొద్దికొద్దిగా పోయండి, అడుగుకు దిగి అక్కడి నుంచి మెల్లగా పైకి ఆవిరవుతుంది. పైపొర పొడిగానే ఉంటుంది, పొట్టకు తడి తగలదు. ఎంత పోయాలో తెలియాలంటే అడుగు నుంచి గుప్పెడు తీసి పిడికిట్లో బిగించండి. సున్నుండలా ఉండ కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు మాత్రం కారకూడదు. కారితే రెండు మూడు రోజులు నీళ్లు మానేసి, పరుపును ఒకసారి కలియతిప్పండి.

## తడి గూడు

ఆహారం దాచుకునే మామూలు ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. పాము చుట్ట చుట్టుకుంటే గోడలు ఒంటికి తగిలేటంత పరిమాణం చాలు. పక్కన పాము దూరేటంత రంధ్రం కోసి, అంచులను గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. తడిపి గట్టిగా పిండిన స్ఫాగ్నమ్ నాచుతో సగం నింపండి. పెట్టెలో వెచ్చటి వైపుకు జరిపి ఉంచండి. తడి చల్లగా ఉండకూడదు.

ఈ చవక డబ్బా బాగా పనిచేయడానికి కారణం పాము స్వభావంలోనే ఉంది. బాల్ పైథాన్లు పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డి మైదానాల పాములు. పైన నేల ఎండిపోయి ఉన్నా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కుని గడుపుతాయి, ఆ లోపలి గాలిలో చెమ్మ ఎక్కువ. పొడి చోటు, తడి చోటు రెండూ ఉంటే ఎప్పుడు ఎక్కడ ఉండాలో పాము తానే తేల్చుకుంటుంది. హాగ్‌నోస్, శాండ్ బోవా పెంచేవారికి ఇదొక్కటే సరిపోతుంది. పెట్టె అంతా పొడిగా ఉంచి, మూలన ఈ డబ్బా పెట్టండి.

ఒక గుర్తు: కుబుసం రోజులు కాకపోయినా బాల్ పైథాన్ ఆ గూడు వదలకుండా కూర్చుంటే మిగతా పెట్టె పొడిగా ఉందని అర్థం. అప్పుడు గూడుతో సరిపెట్టుకోకుండా మూత, పరుపు చూసుకోవాలి. నాచు వాసన వచ్చినా, మచ్చలు పడినా వెంటనే పారేసి కొత్తది వేయండి.

## స్ప్రే, ఫాగర్, హ్యుమిడిఫైయర్

స్ప్రే కొట్టగానే హైగ్రోమీటర్ 85కు ఎగబాకుతుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. గంటన్నర తర్వాత చూస్తే మళ్లీ 45. నేల పైపొర మాత్రం తడిసే ఉంటుంది. అంటే నష్టం నిలిచింది, లాభం ఆవిరైంది. కళ్లు మసకబారిన రోజుల్లో గోడల మీద కొంచెం చల్లడానికి పనికొస్తుంది, అంతే.

ఫాగర్ విషయంలో నేను కాస్త కటువుగానే ఉంటాను. అది నీటిని సన్నటి తుంపరగా కొట్టి పెట్టెలోకి ఊదుతుంది. ట్యాంకులో రెండు రోజులు నిలిచిన నీటిలో బ్యాక్టీరియా పెరిగితే ఆ తుంపరతో పాటు అదీ పాము ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. కుళాయి నీరు పోస్తే అందులోని ఖనిజాలు తెల్లటి పొడిగా అద్దాల మీద పేరుకుంటాయి. డిస్టిల్డ్ నీరు కొనాలి, ట్యాంకును, గొట్టాన్ని తరచూ కడిగి ఆరబెట్టాలి, తేమ హద్దు దాటగానే ఆపే హ్యుమిడిస్టాట్ జత చేయాలి. ఇవన్నీ క్రమం తప్పకుండా చేసేవారికి అభ్యంతరం లేదు. రెయిన్‌బో బోవా ఉన్నవారికి, మూతా పరుపూ అన్నీ సరిచేసినా ఫీనిక్స్ లాంటి ఎడారి ఊరి వేసవిలో అంకె పైకి రానివారికి అది అవసరమే కావచ్చు. జాలీ మూత తెరిచి ఉంచి ఫాగర్ పెట్టడం మాత్రం దండగ.

చలి రాష్ట్రాల్లో గది హ్యుమిడిఫైయర్ మంచి మధ్యేమార్గం. గదిని 40, 45 శాతానికి తెస్తే పెట్టెలో పని సగం తగ్గుతుంది. ఇంట్లోవాళ్ల పెదవులు పగలడమూ తగ్గుతుంది. కిటికీల మీద నీరు కారుతుంటే తగ్గించండి, గోడలకు బూజు పడుతుంది.

నీటి తొట్టి పెద్దది పెడితే కొంత ఉపయోగం ఉంటుంది, వెచ్చటి వైపు పెడితే ఇంకొంచెం. దాని మీదే ఆధారపడకండి.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

బాల్ పైథాన్, జాలీ మూత పెట్టె, చలి రాష్ట్రం. ముందు మూత కప్పండి, ఆ వారంలోనే పరుపు మార్చండి, తడి గూడు పెట్టండి. ఇవి చేశాక కూడా 60కి చేరకపోతే గది హ్యుమిడిఫైయర్ కొనండి.

కార్న్ స్నేక్ ఉన్నవారు. సగం మూత, తడి గూడు. చాలా ఇళ్లలో ఇంతకు మించి అక్కరలేదు.

నెలకోసారి ప్రయాణాలు చేసేవారు. స్ప్రే, ఫాగర్ రెండూ మరచిపోండి. మందపాటి పరుపు, మూసిన మూత మీరు లేకపోయినా నాలుగు రోజులు నిలబడతాయి. పక్కింటివాళ్లకు అప్పగించాల్సింది తాగే నీరు మార్చడం ఒక్కటే.

హ్యూస్టన్ లాంటి ఉక్కపోత ఊళ్లు. బయట ఎంత జిడ్డుగా ఉన్నా ఏసీ నడిచే ఇంట్లో గాలి పొడిగానే ఉండవచ్చు. ఊరి వాతావరణం చూసి అంచనా వేయకండి, హైగ్రోమీటర్ చూడండి. నిజంగానే తేమ ఎక్కువగా ఉంటే మూత కప్పకుండా వదిలేయడమే సరైన పని.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవారు. మన నేల మీది పాములను ఇంట్లో పెంచడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. కొండచిలువైనా, జెర్రిపోతైనా, అదృష్టం తెస్తుందని మోసగాళ్లు అమ్మజూపే రెండు తలల పామైనా అంతే. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులను కూడా 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కాగితాలు లేని పామును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.

## ఇప్పటికే కుబుసం అంటుకుపోతే

పీలికలను చేత్తో లాగకండి. గాలి రంధ్రాలున్న డబ్బాలో 80 నుంచి 85 డిగ్రీల ఫారెన్‌హీట్ గోరువెచ్చని నీరు పోయండి. నీటి మట్టం పాము ఒంటి మందంలో సగం దాటకూడదు. 20 నిమిషాలు ఉంచండి, పక్కనే ఉండండి. తర్వాత తడి తువాలు మడతల మధ్య పామును పాకనివ్వండి, ఆ ఒరిపిడికి చాలా వరకు వదులుతుంది.

ఆ తర్వాత ఊడిన చర్మాన్ని వెలుగుకు పట్టి చూడండి. తల భాగంలో రెండు గుండ్రటి పారదర్శక బిళ్లలు కనిపించాలి, అవి కంటి పొలుసులు. తోక చివర సూదిలా ముగియాలి. అక్కడ చిరిగి ఉంటే పాము తోక చూడండి. పాత చర్మం ఉంగరంలా మిగిలి ఉంటే, ఆరేకొద్దీ బిగిసి రక్తం ఆడక తోక కొస నల్లబడి చచ్చిపోతుంది. తడి దూదితో తోక కొస వైపు మెల్లగా రుద్ది దాన్ని ఆ రోజే తీయాలి.

కంటి పొలుసు మిగిలితే మాత్రం పట్టుకారు, టేపు, గోరు ఏవీ వాడకండి, కన్నే పోతుంది. తేమ సరిచేసి వచ్చే కుబుసం దాకా ఆగండి, చాలాసార్లు దాంతో పాటే వస్తుంది. రెండోసారీ రాకపోతే సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరకు వెళ్లాలి. తేమ సరిగ్గా ఉన్నా వరుసగా కుబుసం ముక్కలవుతుంటే కారణం వేరే ఉండవచ్చు. కళ్ల చుట్టూ, నీటి తొట్టిలో కదిలే నల్లటి చుక్కలు కనిపిస్తే అవి పాము గోమార్లు. పాత కాలిన గాయాలు, జబ్బు కూడా కుబుసాన్ని చెడగొడతాయి. ఊపిరిలో గురక, ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఉంచడం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకండి. వెళ్లేటప్పుడు ఊడిన కుబుసం ముక్కలు, పెట్టె ఫోటో, హైగ్రోమీటర్ చూపిన కనిష్ఠ, గరిష్ఠ అంకెలు వెంట తీసుకెళ్లండి. వైద్యుడు మొదట అడిగేవి అవే.